రంగూనులో విరిచిన పుల్ల

మోటరు ఇప్పుడే కదలదని డ్రైవరు యాకూబు ముందే చెప్పాడు. నిజామాబాదు నుంచి రైలు రావాలి, అందులోంచి నలుగురైనా దిగాలి, దిగినవాళ్ళు ఎల్లారెడ్డి పోయేవాళ్ళు అయ్యుండాలి, అప్పుడే ఇంజను తిప్పుతాడట. గంట పట్టొచ్చు, గంటన్నర పట్టొచ్చు. నాకేం తొందర లేదు. నాలుగేళ్ళ తర్వాత వచ్చినవాడికి ఇంకో గంట ఎక్కువేం కాదు. కామారెడ్డి స్టేషను బయట ఎండ నేను వదిలి వెళ్ళినచోటే ఉంది, బెల్లం బస్తాల మీద ఈగలు కూడా అవే అయ్యుంటాయి. మోటరులో నా ఎదురుబల్ల మీద అక్క కూర్చుంది. నన్ను తీసుకుపోవడానికి నిన్ననే ఎల్లారెడ్డి నుంచి వచ్చి, మాకు మేనత్త వరుసయ్యే గౌరవ్వ ఇంట్లో రాత్రి పడుకుందట. నేను పొద్దున రైలు దిగగానే నా ముఖం నిమిరి, మెటికలు విరిచి, "బక్కగైనవ్ తమ్మీ" అంది. "రేపు పొద్దుగాల పెద్దమనుషులు కూసుంటరు" అంది. బావ సంగతి అడగలేదు. చేతినిండా ఆకుపచ్చ గాజులతో, కొంగు తలమీదికి లాక్కుని, ఎండలోకి చూస్తూ కూర్చుంది. నేనేం చెప్తానో తెలిసినట్టూ ఉంది, తెలుసుకోవడం ఇష్టం లేనట్టూ ఉంది. పక్క బల్లకు ఎవరిదో మేకను కట్టేశారు. అది మాత్రం నన్నే చూస్తోంది.

నా జేబులో పుల్ల ఉంది. రెండు ముక్కలు, రంగూను పత్రిక కాగితంలో చుట్టి దారంతో కట్టినవి. మా కులంలో ఆలుమగలు విడిపోవాలంటే పెద్దల ముందు మగవాడు పుల్ల విరుస్తాడు. ఒక ముక్క తను ఉంచుకుంటాడు, ఒక ముక్క ఆమె అందుకుంటుంది. అంతటితో తెగిపోయినట్టే, ఆమె ఇంకొకరిని మారుమనువు చేసుకోవచ్చు. మొగుడు దూరదేశంలో ఉంటే ఆమె తరఫు మగవాడి ముందు విరిచి రెండు ముక్కలూ పంపినా చెల్లుతుందట. వెనక ఒకసారి బొంబాయి నుంచి వచ్చిన పుల్లను పెద్దలు ఒప్పుకున్నారని బాపు చెప్పాడు. "సచ్చిండంటే సచ్చిండని ఖబర్ తే, బతికుంటే పుల్ల తే" అని పంపాడు. రెండే మాటలు. మూడోది కూడా ఉంటుందని, మనిషి అసలు దొరకనే దొరకడని, ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. అక్కకు పదిహేడేళ్ళకు పెండ్లయింది. ఇరవైకి బావ వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఇరవై తొమ్మిది. పెండ్లాం పోయిన రాజన్న అనే రైతు రెండేళ్ళుగా అడుగుతున్నాడు, మంచివాడే, తాగడు, బాపుకు నడుం పడిపోయిన ఏడాది మా మడి తనే దున్నిపెట్టాడు. మీ అక్క గంగామణి కూడా సరేనన్నది అని బాపు కార్డులో రాయించాడు. ఒక్క పుల్ల అడ్డం. ఆ పుల్లను బావ విరవలేదు, నేను విరిచాను. ఓడ ఎక్కే రోజు పొద్దున, పళ్ళు తోముకోవడానికి కొన్న వేపపుల్లల కట్టలోంచి తీసి విరిచాను. మొదటిది పీచు తేలింది. రెండోది మూడు ముక్కలైంది. మూడోది పచ్చిది, వంగిందే కానీ విరగలేదు. నాలుగోది శుభ్రంగా వచ్చింది. దొంగపనైనా కాస్త నీటుగా ఉండాలి కదా.

బావ పేరు హన్మండ్లు. నిజాంసాగరు కట్టేటప్పుడు రాళ్ళ పనికి వెళ్ళేవాడు. కట్ట పని తగ్గిపోయాక, అక్కడికి వచ్చిన కాకినాడ మేస్త్రీ ఒకడు రంగూనులో పని ఉందంటే వాడి వెంట వెళ్ళాడు. ఆర్నెల్లకు ఒక ఉత్తరం వచ్చింది, బాగున్నానని. ఆ తర్వాత ఏమీ లేదు. వెతకడానికి నన్ను పంపారు, అదే దారిన, అలాంటి ఇంకో మేస్త్రీ వెంట. రంగూనులో దిగిన మొదటి వారం నేను చేసిన పని, సంత ఏ రోజని అడగడం. ఆ ఉపాయం బాపుదే. మా దిక్కున ఒక మనిషిని పట్టుకోవాలంటే వాడి ఇంటికి వెళ్ళరు, సంతకు వెళ్ళి నిలబడతారు. ఉప్పుకో పొగాకుకో నెలలోపు వాడు రాక తప్పదు. "సంతల నిలబడు బిడ్డా, ఎల్లారెడ్డి హన్మండ్లంటే ఎవలన్న చెప్తరు" అన్నాడు, రంగూను బాన్సువాడ కంటే కొంచెం పెద్దదనుకొని. నేనూ అంతే అనుకున్నాను. నేనడిగితే మా బసలోని కాకినాడ వాళ్ళు పొట్ట పట్టుకొని నవ్వారు. నీది తెలుగేనా అని ముందు నవ్వారు, ఇక్కడ రోజూ సంతేనని తర్వాత నవ్వారు. అయినా వినకుండా పెద్ద బజారు గుమ్మం దగ్గర మూడు ఆదివారాలు నిలబడ్డాను. చీనావాళ్ళు, బర్మావాళ్ళు, చెట్టియార్లు, సూరతీ వర్తకులు, నెత్తిన బుట్టలు మోసే ఆడవాళ్ళు, జానెడు పొడుగు చుట్టలు కాల్చే ముసలమ్మలు, ఒక్క పూటలో ఎల్లారెడ్డి తాలూకా అంత జనం నా ముందు నుంచి వెళ్ళిపోయారు. మూడో ఆదివారం ఒక పోలీసు వచ్చి, ఎవరి జేబు మీద కన్నేశావని అడిగాడు. నిలబడితే లాభం లేదు, తిరగాలి అని అప్పుడు తెలిసింది.

తిరగడానికి సైకిలు దొరికింది. నది ఒడ్డున టేకు దుంగల డిపోలో జవాను పని ఇచ్చారు, ఉత్తరాలూ కాగితాలూ ఓడల కంపెనీలకు, సుంకం ఆఫీసుకు, బ్యాంకులకు చేర్చే పని. డిపో సైకిలు నల్లటిది, బరువైనది, సీటు మీద కూర్చుంటే నా కాళ్ళు నేలకు అందేవి కావు. ఇరవై మూడేళ్ళ వయసులో సైకిలు నేర్చుకుంటే ఊరంతా గురువులే. స్ట్రాండ్ రోడ్డు మీద ముందు చక్రం ట్రాము పట్టాలో ఇరుక్కొని, దొరల హోటలు ఎదురుగా బోర్లా పడ్డాను. ఒక దొరసాని కిటికీలోంచి చూసి కిటికీ వేసుకుంది. నెలకు చేయి తిరిగింది, అంటే కాలు తిరిగింది. ఆదివారాలు సైకిలు నా దగ్గరే ఉంచుకోమన్నాడు డిపో పెద్దగుమాస్తా, బంగాళీ, మంచివాడు. తప్పిపోయిన బావను వెతకాలంటే ఆయనకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆయనకు తిరిగినన్ని నాకు తిరగలేదు, ఇది ఇప్పుడు గుర్తొచ్చి కొంచెం సిగ్గేస్తోంది. ఆ ఊళ్ళో వీధులకు పేర్లు తక్కువ, నంబర్లు ఎక్కువ. నది నుంచి పైకి గీతలు గీసినట్టు వరసగా ఉంటాయి. ఎంత సుఖం! మా ఎల్లారెడ్డిలో ఎంకయ్య ఇంటి వెనక సందు అంటే ముందు ఎంకయ్య ఎవరో తెలియాలి. అక్కడ ఎవరూ తెలియనక్కర్లేదు, లెక్క వస్తే చాలు. ఒకటో వీధి నుంచి మొదలుపెట్టాను. వారానికి రెండు వీధులు. తెలుగువాళ్ళు ఉండే ప్రతి బసలో దిగి, హన్మండ్లు, కుడిచేతి మీద తేలు పచ్చబొట్టు, జుక్కల్ జాతరలో మరాఠీ ఆమె పొడిచింది, ముక్కుతో మాట్లాడతాడు, ఉల్లిగడ్డ లేకపోతే ముద్ద దిగదు అని అప్పజెప్పేవాణ్ణి. బసలంటే చీకటి కొట్టాలు, ఒక బల్ల మీద పగలు ఒకడు, రాత్రి ఒకడు పడుకుంటారు. లేదు, లేదు, లేదు అని తలలు ఊగేవి. నేను బెల్లు కొట్టుకుంటూ పక్క వీధికి పోయేవాణ్ణి.

యాకూబు వచ్చి మోటరు మెట్టు మీద కూర్చున్నాడు. "రంగూన్ల గూడ గిట్లనే మోటర్లుంటయా?" అని అడిగాడు. మస్తుగుంటయని చెప్పాను. "టైముకు పోతయా?" పోతాయన్నాను. "గట్లయితే సవారీలు ఎట్ల నిండుతరు?" అని తల గోక్కొని, బీడీ తీసి వెలిగించుకున్నాడు. అక్క ముసిముసిగా నవ్వినట్టనిపించింది, కాదు, దగ్గింది. ఆమె చెప్పు తెగిపోయి ఉంది, తీగతో కట్టుకుంది. నాలుగేళ్ళలో చెంపల మీద ఎముక తేలింది. సాగరు కాలువ కింద నాట్లకు వెళ్తోందట, నీళ్ళలో నిలబడి నిలబడి కాలివేళ్ళ సందులు తెల్లగా పాసిపోయాయి. నా కాళ్ళకేసి చూసుకున్నాను. రంగూను బూట్లు, పాలిషు పెట్టినవి. ఇద్దరం ఒకే బాపు పిల్లలం. ఒకరు వెతకడానికి వెళ్ళారు, ఒకరు ఎదురుచూడడానికి ఉన్నారు. రెండూ పనులే కానీ, వెతికేవాడికి గాలి తగులుతుంది.

నిజం చెప్పాలంటే, ఇక్కడ ఎవరికి చెప్తాను, మేకకు తప్ప, ఆ నాలుగేళ్ళు నా జీవితంలో మంచి రోజులు. రెండో ఏడాదికే వెతుకులాట సాకు అయిపోయింది. ఆదివారం పొద్దున మంచులో సైకిలు తీస్తే ఎటు పోవాలో చక్రమే చెప్పేది. ఊళ్ళో ఎటు తిరిగినా ష్వేడగాన్ బంగారు గోపురం చెట్లమీదుగా కనిపిస్తూనే ఉంటుంది, దారి తప్పడం కుదరదు. తప్పుదామని ప్రయత్నించాను కూడా. పెద్ద చెరువుల పక్కన నీడల్లో రోడ్డు కిందికి జారేది, తొక్కకుండా కాళ్ళు ఎత్తేసేవాణ్ణి. పజండాం వైపు బియ్యం మిల్లుల పొట్టు పొగ, గాలి అటునుంచి వస్తే చొక్కా అంతా తవుడు వాసన. కెమ్మెండైన్ వైపు రంపపు మిల్లులు, నేలంతా రంపపొట్టు, సైకిలు చప్పుడు లేకుండా పోయేది. రేవుల పేర్లు నాకు బాపు ఎడ్ల పేర్లలా వచ్చేశాయి. పోటు వచ్చినప్పుడు నది వెనక్కి పారేది. మొదటిసారి చూసి దిగిపోయాను, సైకిలు గోడకు ఆనించి పూట పూటంతా చూశాను. నిజాంసాగరు తప్ప పెద్దనీళ్ళు ఎరగనివాణ్ణి, నీళ్ళు అనుకున్న దిక్కుకే పోతాయనుకునేవాణ్ణి. సాంపాను పడవలో సైకిలు అడ్డంగా పడుకోబెట్టుకొని అవతలి ఒడ్డు దల్లాకు వెళ్ళేవాణ్ణి, అక్కడ చేలగట్ల మీద తొక్కుతుంటే బర్మా రైతులు మావాళ్ళలాగే నడుం మీద చేయి వేసుకొని చూసేవాళ్ళు. అప్పుడు ఒక్కోసారి అక్క గుర్తొచ్చేది. గుర్తొచ్చిన వారం తప్పకుండా కార్డు రాసేవాణ్ణి. వెతుకుతున్నాను, ఇంకా సగం ఊరు ఉంది. ఆ కార్డులు ఎల్లారెడ్డిలో అబ్రాహాము పంతులు చదివి వినిపించేవాడు, అక్క నాలుగుసార్లు చదివించుకునేదట. నేను రాసింది అబద్ధం కాదు. సగం ఊరు ఎప్పుడూ ఉండేది.

తేలు పచ్చబొట్టు ఒక్కసారి దొరికింది. మూడో ఏడాది, బొటటాంగ్ రేవు దగ్గర, బస్తాలు మోసే మనిషి చేతి మీద. సైకిలు పారేసి పరిగెత్తాను. గంజాం మనిషి, పేరు వేరు, ముక్కు వేరు, ఆ తేలుకు తోక కూడా అటువైపు. అతను నన్ను కూర్చోబెట్టి చాయ తాగించి, ఒక ముసలివాడి దగ్గరకు పంపాడు. శ్మశానం దగ్గర కట్టెలు కొట్టే తెలుగు ముసలివాడు. ఎప్పుడొచ్చాడు మీ బావ అని అడిగాడు. చెప్పాను. ఆయన వేళ్ళమీద లెక్కపెట్టుకొని, గొడ్డలి పక్కన పెట్టాడు. పంతొమ్మిది ముప్ఫై ఎండాకాలంలో రేవులో కూలిపని దగ్గర బర్మావాళ్ళతో గొడవ రేగి, మనవాళ్ళను వీధుల్లో వెంటాడి చంపారు బాబూ, బళ్ళ మీద తెచ్చారు, పేర్లెవరు అడిగారు, అన్నాడు. బావ నుంచి ఏమీ రాకుండా పోయింది ఆ ఎండాకాలం నుంచే. నాకు ఏడుపు రాలేదు. అవునులే అనిపించింది, అంతే. మళ్ళీ సైకిలెక్కి, గాలి తగ్గిందని గాలి కొట్టించుకొని, బసకు వచ్చాను. ఆ రోజు నుంచి ఎవరినీ అడగలేదు. కానీ తిరగడం మానలేదు, ఇంకో ఏడాది తిరిగాను, ఉత్తగా, హాయిగా. ఆ ఏడాదే అక్కకు నేను బాకీ. తీర్చేది కాదని తెలిసే పుల్ల విరిచాను. చచ్చిపోయాడని చెప్పొచ్చు. చెప్తే రేపు పెద్దల ముందే గాజులు పగలగొడతారు, ముసలవ్వలు శోకాలు పెడతారు, ఏడాది ఆగాలంటారు. పైగా కళ్ళతో చూడని చావు నా నోటితో ఎలా చెప్పను? పుల్ల అయితే రక్తం లేదు, ఏడుపు లేదు. ఒక ముక్క ఆమె చేతిలో పెడితే సరి, నెలలోపు రాజన్న ఇంటికి వెళ్తుంది. నాలుగేళ్ళు ఊరంతా తిరిగినవాణ్ణి, ఈ దారి బాగా చూసే పట్టుకున్నాననుకున్నాను.

రైలు వచ్చింది. కూత వినగానే యాకూబు బీడీ పారేసి, "ఎల్లారెడ్డి, ఎల్లారెడ్డి, జల్ది" అని అరుస్తూ స్టేషనులోకి పరిగెత్తాడు. మోటరులో నేనూ అక్కా మేకా మిగిలాం. అప్పుడు అక్క మొదటిసారి నా కళ్ళలోకి చూసింది.

"తెచ్చినవా?" అంది.

జేబులోంచి పొట్లం తీసి ఇచ్చాను. దారం పంటితో కొరికి విప్పింది. రెండు ముక్కలూ అరచేతిలో పెట్టుకొని, విరిగినచోట ఒకదానికొకటి ఆనించి చూసింది. సరిగ్గా అతుక్కున్నాయి, నా పనితనం.

"ఆయన చేతులతోనే ఇరిచిండా?"

"నా ముంగటనే ఇరిచిండు" అన్నాను. మాట తేలిగ్గానే వచ్చింది.

అక్క ఆ పుల్లలను కళ్ళకద్దుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకొని నేను స్టేషను వైపు చూశాను. పన్నెండేళ్ళ పెండ్లి తెగిపోతే ఏడవదా, ఏడవనీ అనుకున్నాను. తల ఎత్తితే, ఏడుస్తూనే ఉంది, కానీ ముఖమంతా నవ్వు. నేను వెళ్ళినప్పుడు ఉన్న చెంపలు మళ్ళీ వచ్చాయి.

"అంటే బతికున్నడు" అంది. "బతికే ఉన్నడు తమ్మీ! సచ్చిన మనిషి పేరు మీద గాజులేసుకుంటున్ననని లోపల లోపల సచ్చిన. సచ్చిండనుకునే రాజన్నకు ఒప్పుకున్న. మన్సు సంపుకొని ఒప్పుకున్న."

"అక్కా, బావ ఇడిచిపెట్టిండు. పుల్ల ఇరిచిండు గద."

"ఇరిస్తే ఇరిచిండు. కోపమొచ్చింది, ఇరిచిండు. పుల్లదేమున్నది, నా సగం నేను అందుకోకుంటే తెగినట్టెట్ల? రేపు పెద్దమనుషుల ముంగట చెప్త, నేను తీసుకోనని." రెండు ముక్కలనూ కలిపి నా జేబులోనే పెట్టి, జేబు మీద తట్టింది. "ఏడుంటడు? ఇల్లెట్లుంటది? చెప్పు."

చెప్పాను. ఏదో ఒకటి చెప్పి ఊరుకోవాల్సింది. కానీ నాలుగేళ్ళలో నన్ను ఆ ఊరి గురించి అడిగిన మొదటి మనిషి అక్కే. కెమ్మెండైన్ అన్నాను, రంపపు మిల్లు పక్క సందు, నేల మెత్తగా పొట్టు, కర్రమెట్ల ఇల్లు, మీది అంతస్తు, కిటికీ తీస్తే నది అన్నాను. పొద్దున దుంగలు తెప్పలుగా కట్టి తెస్తారని, పోటుకు నీళ్ళు వెనక్కి తిరుగుతాయని, మెట్ల కింద చీనావాడు సేమియా చారు అమ్ముతాడని, సాయంత్రం గోపురం మీద ఎండ పడితే ఇంట్లో గోడ కూడా పచ్చగా అవుతుందని చెప్పాను. నోరు ఆగలేదు. సంతోషంగా కూడా ఉంది, సిగ్గులేకుండా. ఎప్పుడూ లేని మనిషిని ఆ కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చేతిలో ఉల్లిగడ్డ పెట్టాను. అక్క కళ్ళు మూసుకొని వింటోంది, పెదవులు కదుపుతోంది, మెట్లు, కిటికీ, నది అని గుర్తుపెట్టుకుంటోంది.

కళ్ళు తెరిచి, "జహాజు ఎన్నొద్దులు పోతది?" అంది.

ఎందుకని అడగక్కర్లేదు. ఆమె కొంగు నడుముకు చుట్టేసుకుంది, నాటుకు దిగే ముందు చుట్టుకున్నట్టు.

"అక్కా" అన్నాను, "బావ నాకు దొరకలే. నాలుగేండ్లు తిరిగిన, దొరకలే. ముప్పైల గొడవల్ల పోయిండనే అనుకుంటున్న. పుల్ల నేనే ఇరిచిన. నీ మీద ఒట్టు."

ఏడుపొచ్చింది, ఇన్నాళ్ళలో మొదటిసారి, బావ కోసమో ఆమె కోసమో నా కోసమో తెలియదు. అక్క, చిన్నప్పుడు నేను జామకాయ దొంగిలించి లేదన్నప్పుడు చూసినట్టు, నా చెవి పట్టుకొని మెల్లగా పిండింది.

"నేను పోతనని భయమైతుందా? ఆడదాన్ని, సముద్రం మీద ఎట్ల పోతనని గిట్ల చెప్తున్నవా?" అంది నవ్వుతూ. "దొరకనోని ఇల్లు గంత సక్కగ ఎట్ల చెప్పినవ్‌రా? మెట్లు చెప్పినవ్, కిటికీ చెప్పినవ్. చూడనోడు చెప్పగల్గుతడా?"

చూశానక్కా, ఊరు చూశాను, మనిషిని చూడలేదు అన్నాను. రెండుసార్లు అన్నాను. ఆమె వినలేదు. యాకూబు ముగ్గురు మనుషులను, రెండు మూటలను తోలుకొచ్చాడు, వాళ్ళు ఎక్కి సర్దుకున్నారు, అక్క జరిగి నా పక్కకు వచ్చి కూర్చుంది. ఇంజను రెండు తిప్పులకు అందుకోలేదు, మూడోదానికి అందుకుంది. మోటరు కదిలాక, చప్పుడుకు వినిపించదేమోనని నా చెవి దగ్గరకు వంగి మళ్ళీ అడిగింది, ఓడ ఎన్ని రోజులు పోతుందని.

నాలుగు రోజులు, అన్నాను.